సర్వాయి పాపన్న: ఒకనాటి దొరతనము

నాచారము, ఉప్పలు ప్రాంతములనుండి తూర్పుగా సాగు వరంగల్లు బాట మీలో పెక్కురకు పరిచితమే. భువనగిరి కొండ దాటినపిమ్మట జనగామ సీమ వచ్చును. సుమారు మూడువందల ఏండ్లకు పూర్వము ఆ సీమలో వర్తకులు ఒక పేరు వినిన గడగడలాడెడివారు. ఆ పేరు సర్వాయి పాపన్న.

1687లో ఔరంగజేబు గోలకొండను జయించెను గాని, జయించినంత సులువుగా ఏలలేకపోయెను. సేనలు మరాఠాలతోడి పోరులో చిక్కుకొనగా తెలంగాణపు దారులకు కాపు కరవయ్యెను. కల్లుగీత కులమున పుట్టిన పాపన్న ఆ అదను కనిపెట్టెను. ధనవంతురాలగు తన సోదరి సొమ్మునే మొదట దోచి దండు కూర్చెనట! చాకలి సర్వన్న, కుమ్మరి గోవిందు, దూదేకుల పీరు మున్నగు అనుచరుల పేర్లు జానపదుల పాటలో నేటికిని వినవచ్చును. అతడు ఖిలాషాపురమున కోట కట్టెను. కొలనుపాక ఫౌజుదారు పైకి వచ్చి ప్రాణము కోల్పోయెను. సుబేదారు ప్రతినిధి రుస్తుందిల్‌ఖాను ఒకసారి కోటను కూల్చెను, మరియొకసారి లంచము పుచ్చుకొని మరలిపోయెను.

1707లో ఔరంగజేబు మరణించెను. మరుసటి యేడు మొహర్రము వేళ పాపన్న వరంగల్లుపై విరుచుకుపడెను. సొమ్ముతో తృప్తిచెందక కులీనుల స్త్రీలను, పిల్లలను చెరపట్టి తీసికొనిపోయెను. పాట అతనిని వీరుడనును. ఆ ఇల్లాండ్రను తలచినప్పుడు నాకా మాట నోట రాదు.

అయినను 1709 జనవరిలో హైదరాబాదున కొలువుతీరిన బహదూరుషాకు అతడు 14 లక్షల రూపాయలు సమర్పించి గౌరవ వస్త్రము పొందెనని ఖాఫీఖాను వ్రాసెను. ఇట్టిది లోకమున లేకపోలేదు. చైనాలో మింగు వంశము క్షీణించు దినములలో సముద్రపు దొంగల నాయకుడు జెంగ్ జిలాంగు 1628లో లొంగి, ప్రభువుల నౌకాసేనలోనే పదవి పొందెను. అది నిలిచెను, పాపన్న దొరతనము నిలువలేదు. గీతకానికి రాజగౌరవమా యని కులీనులు మండిపడిరి. తమవారు చెరలోనుండగా వారి మొర త్రోసివేయదగినది కాదు. పాదుషా మనసు మార్చుకొని యూసుఫ్‌ఖానును దండయాత్రకు నియమించెను.

ఆ తరువాతి కథ ఇంటిలోనే నడచెను. పాపన్న భార్య, కోటలో బందీయైన తన సోదరునకు సంకెలలు కోయుటకు ఆకురాళ్లు రహస్యముగా అందించెను. బందీలు విడివడి కోటను పట్టుకొని, ఫిరంగులను పాపన్నవైపే త్రిప్పిరి. అతడు తాటికొండకు పారి నెలలతరబడి ముట్టడికి ఓర్చెను. 1710లో మారువేషమున తప్పించుకొనిపోవగా ఒక గీతకాడు గుర్తించి తెలిపెను. పట్టుకొనవచ్చినవాడు ఆ బావమరదియే. పాపన్న శిరస్సును ఢిల్లీకి పంపిరి. మొండెమును హైదరాబాదు నగరద్వారమున వ్రేలాడదీసిరి.