స్త్రీకి షరీఅత్ ఉంచిన దారి: ఖులా, ఫస్ఖ్‌ల చరిత్ర

  



మూడు తలాఖుల గురించి మనలో ఎవరిని కదిపినా గంటసేపు మాట్లాడతారు. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2019లో పార్లమెంటు చేసిన చట్టం, అందులోని మూడేళ్ల జైలుశిక్ష మనందరికీ తెలిసినవే. కాని భర్త తలాఖ్ ఇవ్వడు, కాపురానికి తీసుకుపోడు, ఖర్చులకు పైసా పంపడు; అటువంటి స్త్రీకి షరీఅత్ ఏ దారి చూపిందని అడిగితే మాత్రం చాలామంది మౌనం వహిస్తారు. పత్తి, మిర్చి పొలాల మధ్యనున్న మన మస్జిదుల పెద్దల వద్దకు ఇలాంటి ఫిర్యాదులు రాకపోవడం లేదు. అందుచేత ఆ దారి చరిత్రను నేడు స్మరించుకుందాం.

ఒకనాడు దైవప్రవక్త (స) ఫజ్ర్ నమాజు కోసం బయటికి రాగా, ఇంకా వీడని చీకటిలో గుమ్మం దగ్గర ఒక స్త్రీ నిలబడి ఉంది. ఆమె హజ్రత్ సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య హబీబా బిన్త్ సహ్ల్ (రజి). తాను ఆయనతో ఇక కలిసి ఉండలేనని విన్నవించుకుంది. సాబిత్ (రజి) భార్య విషయంలో వచ్చిన మరో ఉల్లేఖనం ప్రకారం, భర్త ధర్మనిష్ఠలోగాని నడవడిలోగాని ఆమె ఏ తప్పూ ఎంచలేదు. మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇస్తావా అని మాత్రమే ప్రవక్త (స) అడిగారు. ఆమె ఒప్పుకుంది. తోట తీసుకుని ఆమెను విడిచిపెట్టమని సాబిత్ (రజి)కు ఆదేశమయింది. నీ బంధువులేమంటారు, నలుగురిలో పరువేం కాను అనే ప్రశ్నలు ఆ సంభాషణలో ఎక్కడా లేవు. ఇదే ఖులా.

ఖులాలో తప్పు ఎవరిదన్న విచారణ లేదు. ఆమె తనంతట తాను వైదొలగుతున్నది కనుక మహర్ తిరిగి ఇస్తుంది. ఇక భర్త వల్ల అన్యాయం జరిగితే ఖాజీ విచారించి వివాహాన్ని రద్దు చేస్తాడు, అది ఫస్ఖ్. ఈ రెంటికీ గల భేదాన్ని మరచిపోవడం వల్లనే నేడు ఎందరో ఆడపిల్లలు నష్టపోతున్నారు.

మన గడ్డపై ఫస్ఖ్ దారి ఎలా మూసుకుపోయిందో చూడండి. గుంటూరు సర్కారుకు ముర్తుజానగర్ అని పేరుండేది. 1788లో అది నిజాం చేతినుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. 1864 నాటి చట్టం ప్రభుత్వమే ఖాజీలను నియమించే పద్ధతికి స్వస్తి చెప్పింది. తరువాత 1880లో ఖాజీల చట్టం వచ్చింది. అది మొట్టమొదట వర్తించింది మన మద్రాసు రాజధానికే. అయితే ఖాజీకి న్యాయాధికారమేదీ ఉండదని ఆ చట్టమే స్పష్టం చేసింది. అంటే నికాహ్ చదివించి దఫ్తరులో వ్రాసుకునే ఖాజీ మిగిలాడు, బాధితురాలి మొర విని తీర్పు చెప్పే ఖాజీ పోయాడు.

హనఫీ గ్రంథాల ప్రకారం ఆచూకీ లేని భర్త ఈడువారంతా గతించేటంత కాలం భార్య నిరీక్షించాలి; కొందరు ఫుఖహా దానిని అతనికి తొంభై ఏళ్లు నిండేవరకు అన్నారు. దిక్కుతోచక పంజాబులో కొందరు స్త్రీలు వివాహ బంధం తెగిపోతుందన్న ఆశతో ధర్మాన్నే విడిచిపెట్టారు. ఈ దుస్థితి ఉలమాలను కదిలించింది. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ (రహ్మ) స్వయంగా హనఫీ అయివుండి, మదీనాలోని మాలికీ పండితులను సంప్రదించి, అవసరార్థం మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించవచ్చునని గ్రంథం వ్రాశారు. ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టారు. అదే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం. విచారించే న్యాయాధికారి ముస్లిమే అయివుండాలన్న ఉలమాల కోరికను మాత్రం ప్రభుత్వం తోసిపుచ్చింది. ఆ అసంతృప్తి థాన్వీ (రహ్మ)కు మిగిలిపోయింది.

భర్త నాలుగేళ్లుగా కనిపించకపోయినా, రెండేళ్లుగా పోషణ ఇవ్వకపోయినా, ఏడేళ్ల జైలుశిక్ష పడినా, తరచూ కొట్టినా, ఆమె ఆస్తిని అమ్ముకున్నా, నమాజుకు అడ్డుపడినా భార్య ఈ చట్టం కింద రద్దు కోరవచ్చు. ఇంతకన్నా ముఖ్యమైనది అయిదవ సెక్షన్. ఇలా రద్దయితే మహర్‌పై ఆమె హక్కు చెక్కుచెదరదు. మరి మన పంచాయితీల్లో ఏం జరుగుతోంది? దెబ్బలు తిన్న అమ్మాయినే కూర్చోబెట్టి, "ఖులా తీసుకో తల్లీ, మహర్ వదిలేసుకో, పీడ విరగడవుతుంది" అంటారు. తప్పు భర్తదైనప్పుడు అది ఖులా కానే కాదు, ఫస్ఖ్. ఆమె మహర్‌ను అతనికి ఉచితంగా కట్టబెట్టడానికి పెద్దలకు హక్కెవరిచ్చారు?

దూది ఏకుతూ ఊరూరా తిరిగిన మన నూర్‌బాషా పూర్వీకుల ఇంటిభాష తెలుగు. ఖాజీ నికాహ్ చదివినా తగవు తీర్పులో ఊరి ఆచారానిదే పైచేయి. 1937 షరీఅత్ అన్వయ చట్టం నికాహ్, తలాఖ్, మహర్, భరణం విషయాల్లో ఆచారాన్ని తొలగించి షరీఅత్‌ను నిలిపింది. వ్యవసాయ భూమికి నాడు ఇచ్చిన మినహాయింపును 1949లో మద్రాసు శాసనసభ రద్దు చేసింది కనుక మన నల్లరేగడి చేలలోనూ ఆడబిడ్డ వాటా షరీఅత్ ప్రకారమే. దాని సంగతి మరో జుమాలో చెప్పుకుందాం.

బిడ్డల పోషణ తండ్రి బాధ్యత. పాలిచ్చే తల్లికి సైతం తండ్రే ఖర్చు భరించాలని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 233వ ఆయతులో ఆదేశించింది. పిల్లలు తల్లి వద్ద ఉన్నా ఈ బాధ్యత తీరదని సుప్రీంకోర్టు 1997లో చెప్పింది.

2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులా స్త్రీకి గల సంపూర్ణ హక్కనీ, అందుకు భర్త అంగీకారం అవసరం లేదనీ తీర్పునిచ్చింది. ముఫ్తీ ఫత్వా కోర్టు తీర్పుతో సమానం కాదని కూడా అన్నది. మన జిల్లాలు ఆ కోర్టు పరిధిలో లేవు. భర్త సమ్మతి విషయంలో ఫుఖహా మధ్య భిన్నాభిప్రాయమూ ఉంది. అయినా గుమ్మం దగ్గర నిలబడిన హబీబా (రజి)ని తలచుకుంటే ఆ తీర్పు నాకు కొత్తగా తోచలేదు.

చివరిగా ఒక్క మాట. నాలుగు టిక్కీల మిర్చి అమ్మినా తక్‌పట్టీ చేతికి రానిదే గుంటూరు యార్డు గేటు దాటము. కూతురి నికాహ్‌నామా నకలు ఎక్కడుందంటే మాత్రం బీరువా అంతా వెతుకుతాము. అందులో మహర్ ఎంత వ్రాశారో, నగదా వాయిదానో చాలా ఇళ్లలో తల్లికీ తెలియదు. ఆమె న్యాయస్థానం మెట్లెక్కిన రోజున వకీలు మొదట అడిగేది ఆ కాగితాన్నే.