ఇంటి కంప్యూటర్ బ్యాకప్: ఏ ఫోల్డర్లు తీసుకోవాలి, ఏవి వదిలేయాలి

కంప్యూటర్లో ఉన్న ఫైళ్లకు వేరే చోట ఇంకో నకలు ఉంచుకోవడమే బ్యాకప్. ఉన్నదంతా నకలు తీయబోతే బయటి డిస్కు నిండిపోతుంది, విసుగొచ్చి ఆ పనే మానేస్తాం. అందుకే ఫోల్డర్లు ఎంచుకోవాలి. మా సంఘంలో గుమాస్తాలుగా రిటైరైన వాళ్లం చాలామందిమి ఉన్నాం. రికార్డు గదిలో మేము వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది పోతే నకలు మళ్లీ ఎక్కడైనా దొరుకుతుందా?

తమిళనాడులో మన ఇళ్ల సంగతే చూడండి. పట్టా, చిట్టా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మళ్లీ తీసుకోవచ్చు. రిజిస్టరైన దస్తావేజుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు ఇస్తారు. తాతగారు తెలుగులో రాసి పెట్టిన, రిజిస్టరు కాని పంపకాల కాగితానికి మాత్రం అసలును చెదలు తినేస్తే మీ దగ్గరున్న స్కానే మిగులుతుంది. ముందు దాన్ని బ్యాకప్‌లో పెట్టండి.

మాకు ఇది నష్టపోయాకే తెలిసింది. సంఘం కంప్యూటర్ మొరాయిస్తే రిపేరుకు ఇచ్చాం. ఏమేం ఉంచాలని అడిగితే ‘మై డాక్యుమెంట్స్ చాలు’ అన్నాం. వాళ్లు అదే ఉంచి, మిగతాది ఫార్మాట్ చేశారు. పెద్దవాళ్ల చేత పాడించి రికార్డు చేసిన పెళ్లిపాటలు ఆ ఫోల్డర్లో లేవు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాటిని సీ డ్రైవ్‌లో తన సొంత ఫోల్డర్లో దాచుకుంది. పాడిన వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. తప్పు మాదే.

కాబట్టి విండోస్ కంప్యూటర్లో సీ డ్రైవ్, యూజర్స్, అందులో మీ పేరున్న ఫోల్డర్ తెరవండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, మ్యూజిక్‌తో పాటు డెస్క్‌టాప్ కూడా తీసుకోవాలి. మన ఇళ్లలో సగం ఫైళ్లు ఉండేది అక్కడే. డౌన్‌లోడ్స్‌లో చెత్త ఎక్కువ, కానీ కంప్యూటర్లో వాట్సాప్ నుంచి దించుకున్న ఫొటోలు సాధారణంగా అందులోనే పడతాయి, ఏరుకోవాలి. దుకాణం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ఉంటే, దాని డేటా ఫోల్డర్ ఎక్కడుందో ఆ సాఫ్ట్‌వేర్‌లోనే చూసి చేర్చండి. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లు వదిలేయండి, వాటిని మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. సినిమాలూ అక్కరలేదు.

విండోస్ ఫోల్డర్లో ఒక్కటి మాత్రం తెలుగు వాళ్లు మరిచిపోకూడదు: ఫాంట్స్. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేసిన పాత సావనీర్లు, శుభలేఖలు, వంశవృక్షాలు యూనికోడ్‌లో ఉండవు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అవే ఫైళ్లు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గందరగోళంగా కనిపిస్తాయి. తెలుగు చదవడం రాని పిల్లలు దాన్ని చూసి ఫైలు పాడైందనుకుని తీసేస్తారు. అందుకే ఫాంట్లను, ఆ సాఫ్ట్‌వేర్ సీడీ ఉంటే దాని నకలును ఫైళ్లతోనే ఉంచండి. పాత కంప్యూటర్ పనిచేస్తుండగానే ప్రతి ఫైలునూ ఫాంట్లతో సహా పీడీఎఫ్‌గా కూడా మార్చుకోండి. ఫోల్డర్ పేరు మాత్రం పిల్లలు చదవగలిగే లిపిలో పెట్టండి, ‘తాతగారి పంపకాల కాగితం’ అన్నట్టు విషయం తెలిసేలా.

సీ నుంచి డీ డ్రైవ్‌కు కాపీ చేసి బ్యాకప్ అయిందనుకునే వాళ్లు చాలామంది. ఎక్కువ ఇళ్లలో ఆ రెండూ ఒకే డిస్కులో భాగాలు. డిస్కు పోతే రెండూ పోతాయి. డీలో ఫొటోలుంటే ఆ ఫోల్డర్నూ బయటి డిస్కుకు ఎక్కించాలి. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, పెళ్లి వీడియోకే చాలదు. పైగా కంప్యూటర్లో తీసేసిన ఫైలు అక్కడా తీసివేతకు పోతుంది; సొంత ఖాతా అయితే రీసైకిల్ బిన్‌లో 30 రోజులు మాత్రమే ఉంటుంది.

కాపీ అయ్యాక డిస్కును ఇంకొకరి కంప్యూటర్‌కు తగిలించి ఒక ఫొటో, ఒక పాట, ఒక పాత తెలుగు ఫైలు తెరిచి చూడండి. మూడూ తెరుచుకుంటే డిస్కు తీసి బీరువాలో పెట్టేయండి. వీలైతే రెండో నకలు వేరే ఊళ్లో ఉన్న కూతురింట్లోనో, తమ్ముడింట్లోనో ఉంచండి.