నలుపులో కలిసిపోయిన వెనక వరస

దళితుల చరిత్రకి ఆధారాలు లేవంటారు. శాసనాల్లో మనం లేము. కరణం లెక్కల్లో కూలి కింద వున్నాం తప్ప పేరుతో లేము. ఫోటోల్లో మాత్రం వున్నాం. ఎక్కడున్నాం? వెనక వరసలో, వసారా నీడలో, బొమ్మ నల్లబడిన చోట. ఆ బొమ్మని స్కాన్ చేసి కంప్యూటర్ తెరమీద పెట్టినప్పుడు ఆ నలుపు ఏమవుతుందన్నది టెక్నీషియన్లకి వదిలేసే సంగతి కాదు. అది చరిత్ర రచనలో భాగమే.

కొవ్వూరు పేటలో ఒక ఇంట ఇలాంటి గ్రూపు ఫోటో వుంది. ముందు కుర్చీల్లో తెల్లపంచెలు, కండువాలతో నలుగురు ఆసాములు. వెనక స్తంభాల మధ్య పాలేర్లు. స్కాన్ చేసిన బొమ్మని యూనివర్సిటీ కంప్యూటర్లో చూస్తే వెనక ఏడుగురు లెక్కకొచ్చారు. నెట్ సెంటర్లో నలుగురే. సెల్‌ఫోన్లో ఆరుగురు. అసలు ఫోటోని పటంలోంచి తీసి ఎండలో పట్టుకుంటే తొమ్మిదిమంది! ఆసాములు మాత్రం ఏ తెరమీదా నలుగురికి తగ్గలేదు. ఆ ఇంటి ముసలమ్మకి ఏ తెరా అక్కర్లేకపోయింది. "అదిగో, స్తంభం పక్కన తలపాగా వుందే, ఆయనే మా నాన బాబూ" అంది. నెట్ సెంటర్ తెరమీద ఆ తలపాగా లేదు.

ఈ నలుపు తెరతో మొదలైంది కాదు. 1851లో వచ్చిన కొలోడియన్ ప్లేట్లు, తర్వాతి తొలి డ్రై ప్లేట్లు ప్రధానంగా నీలికాంతినే పట్టుకునేవి. ఎరుపు, గోధుమ రంగులు వాటికి సరిగా ఆనవు. చామనఛాయ మనిషి కంటికి కనపడేదానికన్నా నల్లగా పడతాడు. అన్ని రంగులూ పట్టుకునే పాంక్రోమాటిక్ ప్లేట్లు ఇంగ్లండులో 1906లో అమ్మకానికి వచ్చాయి. ప్లేటు మారినా ఫోటోగ్రాఫర్ లెక్క మారలేదు. డబ్బులిచ్చేది ముందు కూర్చున్నాయన. ఆయన పంచె మడతలు చెదరకుండా కనపడాలంటే వెలుగు కొంచెమే లోపలికి రానివ్వాలి. అందుకు మూల్యం నీడలో నిలబడ్డవాళ్ళది. ఏటి అవతల రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 1921లోనే 'మాకొద్దీ నల్లదొరతనము' అన్నాడు. ఆ నల్లదొర ఫోటోలో తెల్లగానే వుంటాడు!

ఇక తెర సంగతి. స్కాన్ చేసిన బొమ్మలో ప్రతి చుక్కకీ 0 నుంచి 255 దాకా ఒక అంకె వుంటుంది. 0 అంటే కటిక నలుపు. మన ఫోటోలో వెనకవాళ్ళ ముఖాలు చాలామటుకు 20కీ 50కీ మధ్యే వున్నాయి. అంకెని వెలుగుగా మార్చే లెక్కని గామా అంటారు. 2009 దాకా ఆపిల్ కంప్యూటర్లలో అది 1.8. ఆ లెక్కన 40 అనే అంకె పూర్తి తెలుపులో సుమారు 3.6 శాతం వెలుగిస్తుంది. 2.2 గామాలో 1.7 శాతమే, అంటే సగంకన్నా తక్కువ. ఈ తేడాలు పోగొట్టటానికే హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ 1996లో ఎస్‌ఆర్‌జీబీ అనే కొలమానం ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. 2009లో ఆపిల్ కూడా 2.2కి మారింది. ప్రమాణం వచ్చింది గానీ సమానత్వం రాలేదు. చవక మానిటర్‌ని ఏ కోణంలో చూస్తే ఆ రకంగా నలుపు మారిపోతుంది. కొన్నిచోట్ల కేబుల్ సెట్టింగు కుదరక 16కి లోపలి అంకెలన్నీ ఒకటే నలుపు అయిపోతాయి. నెట్ సెంటర్లో ట్యూబులైటు తెరమీద పడితే ఆ 1.7 శాతం ఏ మూలకి?

మరి బొమ్మని తెల్లగా చేసేస్తే పోలా అంటారు. పోదు. ఒక్క మీట నొక్కితే పాలేరు కూడా పచ్చటి ఛాయకి వచ్చేస్తాడు. నలుపుని నలుపుగా చూపటం వేరు, నలుపులో వున్న మనిషిని చూపటం వేరు. ఇప్పుడు కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు చీకట్లో ముఖాలు కల్పించి పెడుతున్నాయి. అలా వచ్చిన ముఖం ముసలమ్మ వాళ్ళ నానది కాదు. పైగా వెలుగు వేయటం ఎప్పుడూ మనకోసమే జరగలేదు. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళ పాసుపుస్తకాల ఫోటోలకి వాడిన పోలరాయిడ్ ఐడీ-2 కెమెరాకి ఫ్లాషు పెంచే బటన్ వుండేది. ఆ కంపెనీలోనే పనిచేసే నల్లజాతివాళ్ళు కారొలిన్ హంటర్, కెన్ విలియమ్స్ 1970లో దీనిమీద పోరాటం మొదలుపెడితే, కంపెనీ ఆ దేశం నుంచి తప్పుకున్నది 1977లో.

పేటల్లో ఫోటోలు సేకరించే విద్యార్థులు ఫోటో పక్కన మెట్టుమెట్టుగా నలుపు నుంచి తెలుపుకి వెళ్ళే బూడిదరంగు పట్టీ పెట్టి, 16 బిట్లలో స్కాన్ చెయ్యాలి. ఆ ఫైలుని ముట్టుకోకూడదు. చూపించే కాపీలో ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ వుండాలి, కింద ఆ పట్టీ వుండాలి. పట్టీలో చివరి మూడు నల్లగళ్ళు విడివిడిగా కనపడకపోతే, లైటు ఆర్పి తెర సరిచేసుకున్నాకే ఫోటో చూడమని పాఠకుడికి చెప్పాలి. నీడలు పైకి తెచ్చిన కాపీ పెడితే పక్కనే వేరుగా పెట్టి, ఎంత మార్చామో రాయాలి. వెనక వరసలో ఎంతమంది వున్నారో తెరమీద లెక్కపెట్టొద్దు. అసలు ఫోటోని ఆ ఇంటివాళ్ళతోపాటు పగటి వెలుగులో చూసి, పేర్లు అడిగి, వెనక వరస నుంచి మొదలుపెట్టి రాసుకోవాలి. పేరు దొరకనిచోట ఖాళీ వుంచాలి.