మందుల నమోదు: కంప్యూటరీకరణ

మందుల తయారీ, దిగుమతి, అమ్మకాల అనుమతులను కాగితపు ఫైళ్ల నుంచి కంప్యూటర్లకు మార్చే ప్రక్రియ ఇది. ఇందుకోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే ‘సియామెడ్’ అనే సాఫ్ట్‌వేర్‌ను వివిధ దేశాల నియంత్రణ సంస్థలకు అందించింది.

భారతదేశంలో చిక్కు వేరు. 1940 నాటి ఔషధ చట్టం కింద కొత్త మందులు, దిగుమతులు కేంద్రం చేతిలో ఉంటే, తయారీ, అమ్మకాల లైసెన్సులు ఎక్కువగా రాష్ట్రాలవి. అందుకే కంప్యూటర్లూ వేరువేరు దారుల్లో వచ్చాయి. గుజరాత్ జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) సాయంతో ‘ఎక్స్‌ఎల్‌ఎన్’ అనే కంప్యూటర్ లైసెన్సుల పద్ధతిని ముందే తెచ్చుకుంది. కేంద్రం 2015 నవంబరులో ‘సుగమ్’ పోర్టల్ ప్రారంభించింది. రాష్ట్రాలన్నిటికీ ఉమ్మడి వేదికగా ‘ఓఎన్‌డీఎల్‌ఎస్’ అనే ఆన్‌లైన్ లైసెన్సుల వ్యవస్థ ఆ తర్వాత వచ్చింది.

ఉదాహరణకు, కర్నూలు జిల్లా కౌతాళంలో మెడికల్ షాపు పెట్టాలంటే ఫారం 20, 21 లైసెన్సులు కావాలి. కనీసం 10 చదరపు మీటర్ల స్థలం, రిజిస్టరైన ఫార్మసిస్టు, ఇన్సులిన్ లాంటివి దాచే ఫ్రిజ్ ఉండాలి. షాపు ప్లాను, అద్దె ఒప్పందం స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పంపొచ్చు. ఫ్రిజ్ చల్లబరుస్తోందా, ఫార్మసిస్టు నిజంగా కౌంటర్లో ఉన్నాడా? అది మాత్రం డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాల్సిందే; ఏ పోర్టలూ ఆ పని చేయలేదు.

ఔషధ నిబంధనల 2017 సవరణతో అమ్మకాల లైసెన్సుల రెన్యువల్ పోయింది. ఐదేళ్లకోసారి రుసుము కడితే చాలు.

కంప్యూటరీకరణ మందుల ప్యాకెట్ల దాకా వచ్చింది: 2023 ఆగస్టు 1 నుంచి తయారైన, ఎంపిక చేసిన 300 బ్రాండ్ల మందులపై క్యూఆర్ కోడ్ తప్పనిసరి. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో కొన్నవారు ఫోన్‌తో స్కాన్ చేస్తే బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారీ లైసెన్సు నంబరు కనిపిస్తాయి.