పుత్తడిబొమ్మ పూర్ణమ్మ

గురజాడ అప్పారావు (1862–1915) రాసిన గేయకథ. డబ్బు పుచ్చుకుని పసిపిల్లను ముసలివాడికి కట్టబెట్టే కన్యాశుల్క దురాచారం ఇందులోని వస్తువు. రచనాకాలం 1912 అని కొందరంటారు. 1910 నాటి ఆయన గేయం ‘ముత్యాల సరాలు’ తర్వాతిదనడం సమంజసం.

నేపథ్యం: విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో సేకరింపజేసిన లెక్కలను గురజాడ ‘కన్యాశుల్కము’ నాటకం తొలి కూర్పు (1897) పీఠికలో ఇచ్చారు. మూడేళ్లలో నమోదైన శుల్క వివాహాలు 1,034. పెళ్లికూతుళ్లలో 99 మందికి అయిదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు; ముగ్గురు ఏడాది పసికందులు. పూర్ణమ్మ కల్పిత పాత్రే అయినా ఆమె దుఃఖం కల్పితం కాదు.

కథ: పూజారి ఇంట పుట్టిన పూర్ణమ్మ ఏ వేళ పూసే పూలు ఆ వేళ, ఏ రుతువు పళ్లు ఆ రుతువులో అందించి దుర్గను కొలుస్తుంది. తల్లిదండ్రులు కాసులకు ఆశపడి ఆమెను వృద్ధుడికిచ్చి పెళ్లి చేస్తారు. మొగుణ్ణి తాత అని తోటిపిల్లలు ఎగతాళి చేస్తే ఆటలు మాని దుర్గ దగ్గర ఏడుస్తుంది. అత్తవారింటికి పంపే వేళ అందరి దగ్గరా సెలవు తీసుకుని దుర్గ గుడికి వెళ్లి, మళ్లీ రాదు.

రూపం: దీని ఛందస్సు ముత్యాలసరమని చెప్పడం కద్దు. అయితే ముత్యాలసరానిది మూడు, నాలుగు మాత్రలు కలిసిన మిశ్రగతి. ఇది నాలుగేసి మాత్రల గణాలతో చతురశ్రగతిలో నడుస్తుంది. చరణాంత పాదం కురచ. స్త్రీల పాటల ఒరవడిలో కథకుడు ఆడపిల్లలనే పిలిచి కథ చెబుతాడు.

అర్థం: ముగింపును కొందరు ఆత్మహత్యగా, కొందరు దైవైక్యంగా చదువుతారు. కవి చావు మాట ఎత్తడు. కన్నుల కాంతి కలువలకు, మేనిఛాయ బంగారానికి, నడక హంసలకు చేరాయంటాడు. ఆడదాని అందానికి కావ్యాలు అరువు తెచ్చిన ఉపమానాలన్నీ ఇలా సొంతదారులకు తిరిగి వెళ్లిపోతాయి. పూర్ణమ్మ మాత్రం దుర్గను చేరుతుంది. దైవైక్యం నిరసనను మెత్తబరిచిందన్న విమర్శ తోసిపుచ్చదగింది కాదు. కానీ గేయానికి ఆయువుపట్టు అంతకుముందరి వీడ్కోలులో ఉందనిపిస్తుంది. నలుగురూ నవ్వుకునే వేళ తనను తలచుకోమని, తమ బిడ్డల్లో ఒకతెకు తన పేరు పెట్టమని ఆమె అన్నదమ్ములను కోరుతుంది. రేపు ఆడపిల్లల పెళ్లిళ్లు నిర్ణయించేది వాళ్లే. పెళ్లిలో తన ఇష్టం ఎవరూ అడగని పిల్ల, రాబోయే ఆడపిల్లల తరఫున ఆ ఇంట్లో వదిలి వెళ్లిన అభ్యర్థన అది.