ఎదుటివారి మాట నేర్చుకున్నాకే

ఆమదాలవలసలో రైలు దిగేవారికి స్టేషన్ బోర్డు మీద కనిపించే పేరు శ్రీకాకుళం రోడ్. అక్కడి నుంచి బయల్దేరి శాలిహుండం, శ్రీకూర్మం, శ్రీముఖలింగం చూసి రండి. మతాల్ని పక్కపక్కన పెట్టి ఆలోచించడం ఈ నేలకు కొత్త కాదని రాళ్లే చెబుతాయి.

వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపాలున్నాయి, చైత్యాలున్నాయి, తార, మారీచి విగ్రహాలు దొరికాయి. హీనయానం నుంచి మహాయానానికి, అక్కడి నుంచి వజ్రయానానికి బౌద్ధం నడిచిన దారి ఆ ఒక్క కొండ మీదే కనిపిస్తుంది. అదే వంశధార ఎగువన ముఖలింగంలో తూర్పు గాంగుల కాలపు శైవం వెలిసింది. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులు శ్రీకూర్మంలో 1281లో వేయించిన శాసనంతో ద్వైతం కూడా ఇక్కడి రాతికెక్కింది.

ఈ మతాలు పక్కపక్కన బతకడమే కాదు, వాదించుకున్నాయి కూడా. మన శాస్త్రకారుల వాదానికి ఒక నియమం ఉంది: ముందు పూర్వపక్షం. ఎదుటివాడి మాటను అతనే ఒప్పుకునేంత చక్కగా చెప్పాలి, ఆ తర్వాతే ఖండించాలి. మతాల తత్వాన్ని అధ్యయనం చేయడానికి ఇంతకన్నా గట్టి పునాది నాకు కనిపించదు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ చర్చ సముద్రాలు దాటింది. సాయణ భాష్యంతో మాక్స్ ముల్లర్ ప్రకటించిన ఋగ్వేదం రెండో ముద్రణ (1890–92) విజయనగరం మహారాజు ఆనంద గజపతి పోషణతో వెలువడింది. ముల్లర్ సంస్కృతం నేర్చుకున్నారు గాని, భారతదేశంలో ఏనాడూ అడుగు పెట్టలేదు. గ్రంథం దొరికింది, దాన్ని వల్లించే గొంతులు మాత్రం ఆయనకు దూరంగానే ఉండిపోయాయి.

ఆ గొంతుల తరఫున జవాబు చెప్పడానికి పూనుకున్నవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో హిందూ మతం మీద విన్న విమర్శలు ఆయన్ని వేదాంతం వైపు తిప్పాయి. వేదాంతంలోని నీతి మీద 1908లోనే సిద్ధాంత వ్యాసం రాశారు. విమర్శకుల తత్వశాస్త్రాన్ని వారి భాషలోనే చదివి, వారి భాషలోనే బదులిచ్చారు. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసి, 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో తూర్పుదేశాల మతాలు, నీతిశాస్త్రాల ఆచార్య పీఠం అందుకున్నారు.

ఆ విశ్వవిద్యాలయంలోనే బోధించిన పి.టి. రాజు 1962 నాటి తన తులనాత్మక తత్వశాస్త్ర గ్రంథంలో పాశ్చాత్య, భారతీయ ధోరణుల సరసన చైనాను కూడా నిలిపారు. అక్కడి మరో ఆచార్యుడు కొత్త సచ్చిదానందమూర్తి ప్రశ్నను మన ఇంట్లోకే తెచ్చారు. శ్రుతి ఎందుకు ప్రమాణం? తర్కం ఎంతవరకు పోగలదు? 1959లో వెలువడిన ఆయన అద్వైత విమర్శ ఈ ప్రశ్నల మీదే నడిచింది. ఇతరుల మతాన్ని ప్రశ్నించినంత నిక్కచ్చిగా తన సంప్రదాయాన్నీ ప్రశ్నించినప్పుడే ఈ చదువు న్యాయమైన చదువవుతుంది.

అయినా ఒక లోటు మిగిలింది. పోలికలన్నీ గ్రంథం ఉన్న మతాల మధ్యే జరిగాయి. సీతంపేట కొండల్లోని సవరలకు గ్రంథం లేదు. చనిపోయిన పెద్దలతో మాటాడడం, గోడ మీద బొమ్మలు గీసి దేవతల్ని పిలవడం వారి ఆచారం. ఆత్మ గురించీ, మరణం గురించీ అందులో ఉన్న ఆలోచన తక్కువది కాదు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో ఒరిస్సా సవరల మతం మీద పెద్ద పుస్తకమే రాశారు.

అంతకు ఎన్నో ఏళ్ల ముందే పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. 1919లో శాలిహుండం బౌద్ధ శిథిలాల్ని వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. మూగబోయిన కొండనూ, మాటాడే కొండనూ ఒకే శ్రద్ధతో విన్న మనిషి ఆయన. సవర పెద్దల మాటకు మన పాఠాల్లో పూర్వపక్షమంత చోటైనా దక్కాలి. శాలిహుండం నుంచి సీతంపేట దాకా పరుచుకున్న ఈ నేల మీద, ఆ చోటు ఇవ్వని మతాల తత్వ అధ్యయనం సగం చదువే.