నడక రాని బొమ్మలకు రెక్కలు

1957లో లండన్‌కు కాస్త దూరంలో, మెయిడెన్‌హెడ్ అనే ఊళ్లో, ఓ చిన్న సినిమా కంపెనీ పని కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది. పేరు ఏపీ ఫిల్మ్స్. నడిపేవాళ్లు జెర్రీ ఆండర్సన్, ఆర్థర్ ప్రోవిస్. అలాంటి వేళ రాబర్టా లీ అనే రచయిత్రి వచ్చి, 'ట్విజిల్' అనే పిల్లల సీరియల్ 52 భాగాలు తీసిపెట్టమంది. ఆండర్సన్ సంబరపడ్డాడు. తీరా చూస్తే అందులో నటించేది మనుషులు కాదు, దారాలతో ఆడించే బొమ్మలు! పెద్ద సినిమాలు తీయాలని కలలుగన్న మనిషికి అది మింగుడుపడలేదు. అయినా కడుపు నిండాలి కదా, ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాక తెలిసింది అసలు కష్టం. మన తోలుబొమ్మలాటలో ఈ చిక్కే లేదు. మాట్లాడే బొమ్మ చెయ్యి ఆడిస్తే చాలు, ఆ మాట ఎవరిదో చూసేవాళ్లకు తెలిసిపోతుంది. టీవీ కెమెరా అలా ఊరుకోదు, మొహం దాకా వచ్చేస్తుంది. అంత దగ్గరనుంచి చూసినప్పుడు పెదవి కదలకపోతే బొమ్మ చెక్కముక్కే. పోనీ దవడకు ఒక దారం కట్టి లాగుదామంటే, మాటకొకసారి తలంతా ఊగుతుంది. పైగా ప్రతి అక్షరానికీ సరిగ్గా అందుకునేలా లాగడం ఎంత చేయి తిరిగిన ఆటగాడికైనా అసాధ్యం.

జవాబు 1960లో వచ్చిన 'ఫోర్ ఫెదర్ ఫాల్స్' నాటికి దొరికింది. మాటలన్నీ ముందే నటులచేత పలికించి టేపు మీద రికార్డు చేసుకున్నారు. బొమ్మ తలలో సోలెనాయిడ్, అంటే కరెంటు తగలగానే లాగే చిన్న అయస్కాంతపు చుట్ట, అమర్చారు. టేపులోని గొంతు విద్యుత్ సంకేతాలుగా మారి, బొమ్మను వేలాడదీసిన సన్నని టంగ్‌స్టన్ తీగల గుండానే తలలోకి దిగేది. గొంతు పలికినప్పుడల్లా కింది పెదవి టకటకా కదిలేది. బొమ్మను మోసే తీగే కరెంటునూ మోస్తోందన్నమాట. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన ఉపాయం ఇదే. తెర మీద ఆ తీగలు కనపడకుండా వెనక ఉన్న రంగును బట్టి వాటికీ రంగు పూసేవారు. ఒక్క లోపం మాత్రం మిగిలింది. సోలెనాయిడ్ పట్టాలి కాబట్టి ఒంటికి మించిన తలకాయ తప్పలేదు.

నోరు వచ్చింది, నడక రాలేదు. దారాలకు వేలాడే బొమ్మ బరువుగా అడుగు వేయలేదు, నేల మీద తేలుతున్నట్టు ఉంటుంది. ఎన్ని తంటాలు పడినా అది కుదరలేదు. చివరకు ఆండర్సన్ బృందం ఆ గోడను ఢీకొట్టడం మానేసి పక్కనుంచి వెళ్లింది. బొమ్మ నడవలేకపోతే కూర్చోబెట్టేద్దాం! 1961లో ఎగిరే కారు 'సూపర్‌కార్', 1962లో రాకెట్టు 'ఫైర్‌బాల్ ఎక్స్ఎల్5', 1964లో జలాంతర్గామి 'స్టింగ్‌రే' అలా పుట్టాయి. మీటలు నొక్కే దృశ్యం వస్తే మనిషి చేతినే దగ్గరగా చూపించేవారు. బొమ్మల లోటును కప్పిపుచ్చడానికి వచ్చిన వాహనాలే పిల్లలకు అసలు హీరోలైపోయాయి.

1963 అక్టోబరులో జర్మనీలోని లెంగెడె ఇనుప గనిలోకి నీళ్లు ముంచుకొచ్చాయి. 29 మంది చనిపోయారు. పద్నాలుగు రోజుల తర్వాత, నవంబరు 7న, నేలను తొలిచి 11 మందిని ప్రాణాలతో పైకి తీశారు. ఆ తొలిచే యంత్రాన్ని దూరం నుంచి తెప్పించాల్సి వచ్చిందన్న వార్త ఆండర్సన్ మనసులో నాటుకుపోయింది. అలాంటి యంత్రాలన్నీ సిద్ధంగా పెట్టుకుని, కబురందగానే రివ్వున ఎగిరే దళం ఒకటుంటే? అదే 'థండర్‌బర్డ్స్'. 1965 సెప్టెంబరు 30న మొదటి భాగం ప్రసారమైంది. మొదట దాన్ని అరగంట కార్యక్రమంగా మొదలుపెట్టారు. డబ్బు పెట్టిన లూ గ్రేడ్ తొలి భాగం చూసి ముగ్ధుడై గంటకు పెంచమన్నాడు. దాంతో తీసిన భాగాలకు మళ్లీ కొత్త సన్నివేశాలు అతికించాల్సి వచ్చింది.

స్లౌ పట్టణంలోని పరిశ్రమల పేటలో డెరెక్ మెడింగ్స్ అనే ఆయన ఈ యంత్రాలకు ప్రాణం పోశాడు. వాహనాన్ని కదలకుండా ఉంచి, కింద రోడ్డును పట్టీలా తిప్పేవాడు. దళం వాడే థండర్‌బర్డ్ 1 అనే రాకెట్టును నిలిపే షెడ్డు గోడ మీద గంభీరంగా కనిపించే పరికరం నిజానికి వంటింట్లో నిమ్మరసం పిండే సాధనం. తర్వాత ఇదే మనిషి 'సూపర్‌మ్యాన్' సినిమాకు ఆస్కార్ అందుకున్నాడు.

ఆ రోజుల్లో టీవీ బొమ్మలు ఒక్క ఇంగ్లండులోనే లేవు.  1962 డిసెంబరులో ఫ్రెంచి టీవీలో మబ్బు మీద దిగివచ్చి పిల్లలను నిద్రపుచ్చే ఎలుగుబంటి కార్యక్రమం మొదలైంది; ఆ ఎలుగుబంటినే తర్వాత నునూర్స్ అన్నారు. ఫ్రాన్సులో చిన్నతనం గడిపిన మా పుదుచ్చేరి పెద్దలను కదిపితే ఆ పేరు వినగానే మొహం వెలుగుతుంది. థండర్‌బర్డ్స్ కూడా ఫ్రెంచిలో వేరే పేరుతో వచ్చింది. 

ఇంగ్లండులో థండర్‌బర్డ్స్ యంత్రాలు బజారుకెక్కాయి. డింకీ కంపెనీ లోహంతో పోతపోసిన ఆకుపచ్చని థండర్‌బర్డ్ 2, సీరియల్లోని లేడీ పెనెలోప్ గులాబీరంగు కారు, వారపత్రిక, కథలు వినిపించే చిన్న గ్రామఫోను రికార్డులు: జేబుడబ్బులన్నీ వాటికే. ఇంత ఆదరణ ఉన్నా, అమెరికా పెద్ద చానళ్లకు అమ్మడం గ్రేడ్‌ వల్ల కాలేదు. సీరియల్ 32 భాగాలతో 1966లో ఆగిపోయింది. మరుసటి ఏడాది 'కెప్టెన్ స్కార్లెట్'లో సోలెనాయిడ్ ఛాతీలోకి దిగి తలకాయ సరైన కొలతకు వచ్చింది. చిత్రమేమిటంటే, ఆ పెద్ద తలల మీదే జనానికి మమకారం ఎక్కువ.

ఆ మమకారం ఎంతో 1991లో బయటపడింది. బీబీసీ థండర్‌బర్డ్స్ పాత భాగాలనే మళ్లీ వేస్తే, తండ్రులూ పిల్లలూ కలిసి టీవీ ముందు చేరారు. మరుసటి క్రిస్మస్‌కు మ్యాచ్‌బాక్స్ చేసిన, దళం స్థావరమైన ట్రేసీ ద్వీపం బొమ్మ కోసం దుకాణాల్లో ఎగబడ్డారు. సరుకు అయిపోయింది. అప్పుడు 'బ్లూ పీటర్' అనే పిల్లల కార్యక్రమంలో ఆంథియా టర్నర్ అట్టముక్కలు, పాత డబ్బాలు, కాగితపు గుజ్జుతో దాన్ని ఇంట్లోనే ఎలా చేసుకోవచ్చో చూపించింది. ఆ తయారీ కాగితం పంపమంటూ బీబీసీకి ఉత్తరాలు వెల్లువెత్తాయి.

ఆండర్సన్ 2012లో కన్నుమూశాడు. 2015లో, సీరియల్‌కు యాభై ఏళ్లు నిండినప్పుడు, స్టీఫెన్ లా రివియేర్ అనే అభిమాని దర్శకుడు పాత పద్ధతిలోనే కొత్త భాగాలు తీస్తానని చందాలు అడిగాడు. రెండు లక్షల పౌండ్లకు పైగా పోగయ్యాయి. మరి గొంతులు? నటుల్లో కొందరు అప్పటికే లేరు. సమాధానం ఆ చిన్న గ్రామఫోను రికార్డుల్లో దొరికింది. అరవైల్లో అసలు నటులే పలికిన, ఎన్నడూ చిత్రీకరించని మూడు కథలు వాటిలో ఉన్నాయి. స్లౌలో మళ్లీ తీగలు కట్టారు. పాత దర్శకుడు డేవిడ్ ఎలియట్ వచ్చి ఒక చెయ్యి వేశాడు. మాటలు అప్పటివే కాబట్టి కొత్తగా ఒక్క వాక్యం రాసుకునే వీలు లేదు. ఉన్నదాన్ని కత్తిరించుకుంటూ, ఆ గొంతులకు తగ్గట్టు దృశ్యాలు అల్లుకోవాల్సి వచ్చింది.